లోపలి అంచు

పాత జెన్ కారు.
స్ప్రింగులు రెండేసి సుట్లు కోయించిన,
దగ్గరుండి, గ్రైండరు నిప్పురవ్వలను
ఫోన్ల వీడియో తీసుకుంట.
నేలకు నాలుగు వేళ్ళ ఎత్తుల పోతుంటె
ఎన్జీ కాలేజీ ముంగట ఒక్కరన్న తిరిగి చూస్తరని.

చూసిన్రు.
పానగల్లు దాటంగనే స్టీరింగు ఎడమకు గుంజింది.

ముందు మణికట్టుకు తెలిసింది, తర్వాత భుజానికి.
టైరుకు ఎప్పటి సంది తెలుసో!
నెలన్నరకే లోపలి అంచు నున్నగ, తీగెలు తేలి,
బయటి అంచు మాత్రం
అప్పుడే షాపుల నుంచి దిగినట్టు.

క్లాక్ టవర్ కాడ కంప్యూటర్ అలైన్‌మెంటు, మూడుసార్లు.
తెర మీద అన్నీ పచ్చగనే.
బిల్లు చింపిన పిల్లగాడు "ఓకే సార్" అన్నడు.
ఓకేనే గాని, కారు నన్ను
మోరీ దిక్కు, అడగకుంట, తీస్కపోతనే ఉంది.

ఆఖరికి దేవరకొండ రోడ్డు మీద ముత్తిలింగం షెడ్డు.
రేకుల కింద ఒక గుంత, ఒక జాకీ, చాయ్ మరకల బల్ల.
మర్రిగూడ దిక్కు మనిషి.
నడుస్తుంటె మోకాళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుంటయ్.
ఏం చెడిపోయింది అని అడగలె.
"ఏం మార్చినవ్?" అన్నడు.

నాలుగు చక్రాలకు గాలి సరి జేసిండు.
ముందటి టైర్లు అటుదిటు వేసి
బైపాసు దాక నడిపి వచ్చిండు.
ఇంకా ఎడమకే.
"టైరుది తప్పు గాదు. టైరు సాక్షి."

"కారు దిగింది గద, టై రాడ్డు దిగలె.
అడ్డంగ పండాల్సింది వాలి ఉన్నది.
గతుకు వచ్చినప్పుడల్ల
నువ్వు తిప్పకున్న చక్రం తిరుగుతది."
నా మొఖం చూసి, కాలి చెప్పు ఇడిచి
నా టైరు పక్కకు బోర్లేసిండు.

రెండింటికీ లోపలి అంచు లేదు.

"క్యాంబర్ అంటె గిదే. పైన దగ్గర, కింద దూరం.
నాది బోరింగు నీళ్ళు జేసినయ్, బడికి పోయే యాళ్ళకే.
నీది నువ్వు పైసలిచ్చి జేయించుకున్నవ్."
నవ్విండు.
నేను నవ్వాల్నో వద్దో తెల్వక
జాకీ హ్యాండిలు పట్టుకున్న.

గుంతల నుంచి గొంతు:
"ఆర్ము బోల్టులు ఎవడు బిగించిండు?
చక్రాలు గాల్ల యాలాడంగ బిగించిండా?"
ఔనన్న.
"గాల్ల బిగిస్తె బుష్షు గాలే తన జాగ అనుకుంటది.
నేలకు దించినంక మెలివడి
ఇగ ఎప్పటికీ పైకే గుంజుకుంటది."
ఎడమది చీలి ఉంది, ఎండిన మామిడి టెంక లెక్క.

కొత్త బుష్షులేసి, బోల్టులు వదులుగుంచి, కారు దించిండు.
నన్ను డ్రైవరు సీట్ల కూసోవెట్టి
పక్కన ఎవరివో రెండు బత్తాయి సంచులు పెట్టిండు.
బానెటు మీద అరచేతులు వెట్టి ఊపిండు,
బరువు కుదిరిందాక.
అప్పుడు దిగి బిగించిండు.
బత్తాయి వాసనల నేను ఊపిరి బిగవట్టి,
పాస్‌పోర్టు ఫోటో దిగినట్టు.

ముందు రెండు, ఎనక రెండు ఇనుప స్టాండ్లు.
చండూరు మగ్గాల కాడ అడుక్కొచ్చిన పడుగు దారం
కారుకు రెండు పక్కల బిర్రుగ.
రిమ్ము అంచుకు టేపు వెట్టి కొలిచిండు.
పావు సుట్టు. మళ్ళ కొలుచుడు.
పావుల సగం. మళ్ళ.
చాయ్ చల్లారింది, ఇద్దరిదీ.

"స్ప్రింగులో?"
"కోసినయి అతుకుతయా! కొత్తయి ఏస్కో.
అప్పటిదాక టైర్లు తింటనే ఉంటది, జర నిమ్మళంగ."
ఆరు వందలు. వంద ఎక్కువిస్తె తిరిగిచ్చిండు.

పానగల్లు కాడ స్టీరింగు మీంచి వేళ్ళు లేపిన.
ఒకటి, రెండు, మూడు కరెంటు స్తంభాలు తిన్నగ.
నాలుగో దాని కాడ ఎడమకు, ఇంతంత.
ముందే చెప్పిండు: అది రోడ్డు వాలు,
వాననీళ్ళు పోవాలె గద,
దాన్ని కొలవకు, చేత్తోని పట్టుకో.

ఇంటి కాడ చెప్పులు ఇడిచి
మొదటిసారి బోర్లేసి చూసిన.
కుడి మడిమ, బయటి అంచు, అరిగి పల్చగ.
ఏం మార్చిననో
ఎంత ఆలోచించినా యాదికి రాలె.