గురక ఆగినప్పుడు

ఒంగోలు, కర్నూలు రోడ్డు,
మందుల షాపు మీద రెండో అంతస్తు.
ఇరవై రెండేళ్లుగా ఇక్కడ నా పని
ఊపిరి వినడం.

వీపు మీద చల్లటి బిళ్ళ ఆనించగానే
చీమకుర్తి వాళ్ళు నోరు విప్పకుండానే దొరికిపోతారు.
కోతమిషను దగ్గర నీళ్ళు పోశారో
ఎండుగానే కోయించారో
రొమ్ము లోపల రాసి ఉంటుంది.
ఎక్స్‌రే ఫిల్ము కిటికీకి ఎత్తి పట్టుకుంటే
నల్లటి నలుపులో తెల్లటి చుక్కలు.
అచ్చం వాళ్ళు పాలిష్ పట్టి ఓడెక్కించే రాయే.
దానికి గెలాక్సీ అని పేరు.

"ఈ దుమ్ము బయటికి తీసే మందు లేదామ్మా?"
కోటిలింగం అడిగాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటా.
లేదన్నాను.
నేను చదివిన చదువులో అతి పొట్టి మాట.
పలకడానికి రొమ్మంతా గాలి కావాలి.

ఆ రాళ్ళనే కృష్ణపట్నం రేవుకి తోలే మస్తాను
కావలి దాటాక డివైడరు ఎక్కించి వచ్చాడు.
"కన్ను మూయలేదు మేడం,
రోడ్డే కాసేపు లేదు."
వెనక నిలబడ్డ సైదమ్మ కొంగు సర్దుకుంది.
"ఇంట్లో అందరూ ఈయన గురకకి లేస్తారు.
నేను గురక ఆగితే లేస్తా.
పదకొండేళ్ల బట్టీ ఇదే.
మోచేత్తో ఒక్కటి పొడిస్తే
బండి మళ్ళా స్టార్టవుద్ది."

ఆ రాత్రి అతని తలకి వైర్లు, పొట్టకి పట్టీ,
వేలి చివర ఎర్ర దీపం.
అద్దానికి ఇవతల నేనూ, చల్లారిన టీ.
రెండుంబావుకి గీత పడుకుంది.
తొంభై ఒకటి. ఎనభై నాలుగు. డెబ్భై రెండు.
నలభై రెండు సెకన్లు.
నా ఊపిరి కూడా బిగబట్టానని
తర్వాత తెలిసింది.
బయట వరండా బల్ల మీద
కునుకు పట్టిన సైదమ్మ మోచెయ్యి
దానంతటదే గాల్లోకి ఒకసారి పొడిచింది.

గంటకి యాభై ఎనిమిది సార్లు అని రాసి
కింద సంతకం పెట్టాను.
ముందే కనిపెట్టిన మనిషి పేరు రాయడానికి
ఆ కాగితంలో గడి లేదు.

మిషను ధర చెబితే
"రెండు కొత్త టైర్లొస్తయ్ గదమ్మా" అని గొణిగాడు మస్తాను.
ఆమె మెళ్ళో గొలుసు మాత్రం
ఆ వారం కనపడలేదు.

నాలుగో రాత్రి మూడు గంటలకి ఫోను.
"డాక్టరమ్మా, చప్పుడు లేదు."
మిషను ఆడతా ఉందా?
"ఆడతా ఉంది. ఈయన్లోనే చప్పుడు లేదు."
పొట్ట మీద చెయ్యి పెట్టి చూడు.
చాలాసేపు ఏమీ లేదు.
ఎవరి ఇంటి కుక్కో మొరిగింది, అటో ఇటో.
"లేస్తంది..." అంది.
"పడతంది.
మళ్ళా లేస్తంది."

ఫోను పెట్టెయ్యడం మర్చిపోయింది.
నేనూ పెట్టలేదు.
కాసేపటికి అవతల సన్నగా గురక.
ఆమెది.
అలవాటు చొప్పున లెక్కపెడుతూ పడుకున్నాను,
ఎక్కడా ఆగలేదు.