చేతివాటం

బర్గర్ రెండు చేతుల తిండి.
నలభై ఏళ్ళు తిన్నాక
పోయిన నవంబరులో తెలిసింది నాకీ సంగతి.

ఆర్డిస్ కుడిచెయ్యి
అప్పటినుంచీ ఆమె ఒళ్ళో పడుకునే ఉంది,
ఎవరో తమ పిల్లని కాసేపు ఎత్తుకోమని ఇచ్చి
మళ్ళీ రానట్టు.

ఇరవయ్యారేళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి.
మోంటానా మంచులో
రోడ్డేదో గోధుమ చేనేదో తెలియని పొద్దుల్లో
నలభై మంది పిల్లల్ని ఒంటిచేత్తో మలుపు తిప్పేది,
రెండో చేత్తో
వెనకసీటు అల్లరికి అద్దంలోంచి వేలు చూపిస్తూ.

పోయిన శుక్రవారం బర్గర్ తెచ్చి
నాలుగు ముక్కలు కోసి పెట్టాను.
పళ్ళెం వైపు చూసింది. నా వైపు చూసింది.
"రెండో క్లాసు వాళ్ళకి కోస్తారు ఇలా" అని
బల్ల చివరిదాకా నెట్టేసింది,
ఎడమచేత్తోనే, ఎంత బలంగానో.
ఆ రాత్రి మా కుక్క బాగా తిన్నది.

అందుకని ఇవాళ కొయ్యలేదు, విప్పేశాను బర్గర్‌ని,
పాత ట్రాక్టరు ఇంజను విప్పి
ఏ బోల్టు ఎక్కడిదో గుర్తుగా గుడ్డమీద పరుచుకున్నట్టు.

వంటలో నాది తిరిగిన చెయ్యి కాదు.
గోధుమ గోదాములో తూకాలు చూసినవాణ్ణి,
చిటికెడు ఉప్పన్నా ముల్లు వైపు చూస్తాను.
ఇనప మూకుడు పొగలెత్తేదాకా ఆగి
పౌను బీఫ్ కైమా వేశాను.
"కదపకు. దాన్ని కాలనీ" అంది
వంటింటి గుమ్మంలో చక్రాల కుర్చీకి బ్రేకు వేసి.
మాడిందేమో అనిపించినంత ఎర్రబడ్డాకే
చెక్కగరిటెతో పొడవనిచ్చింది.
ఆ కొవ్వులోనే ఉల్లిపాయ మగ్గింది.
కిటికీ అద్దానికి ఆవిరి పట్టి
పెరట్లో మంచు కనబడకుండా పోయింది కాసేపు.

మయొనీస్, కెచప్, మస్టర్డ్,
దోసకాయలు ఊరిన పుల్లనీళ్ళు ఒక చెంచా.
వేలితో నాకి చూసి "ఇంకో చెంచా" అంది.
వేశాను.
"ఇంకోటి."

లోతు గిన్నెల అడుగున లెట్యూస్ తురుము,
దానిమీద కైమా, వేడికి జారిపోతున్న చీజ్,
టమాటా, ఊరిన దోసముక్కలు, ఆ సాసు.
"బన్ను లేకుండా బర్గరేమిటి, డెల్మర్?"
బన్నునీ విప్పాను:
వేలిగోరంత పలకలుగా, వెన్నలో కరకరా వేయించి.
నువ్వులు మాత్రం ఆమె చల్లింది.
సగం గిన్నెలో, సగం బల్లమీద.
ఎవరం తుడవలేదు.

ఒకటి చెప్పడం మరిచాను.
శుక్రవారాలు డ్రైవ్‌ఇన్ దగ్గర పికప్‌లోనే తినేవాళ్ళం.
స్టీరింగు ఎప్పుడూ ఆమెదే, పక్కసీటు నాది.
ముందద్దంలోంచి ఎటో చూస్తూ, కుడిచెయ్యి చాపి
నా కాగితంలోంచి దోసముక్కలు ఎత్తుకుపోయేది.
నాకు తెలియదనుకునేది.
నలభై ఏళ్ళ చేతివాటం.

ఇవాళ నా కుర్చీ బల్లకి అటుపక్క వేసుకున్నాను,
ఆమెకి ఎడమవైపు.
ఎందుకని అడగలేదు.

మొదట నేనూ కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని తిన్నాను.
"నీ చేతికేమొచ్చింది? సరిగ్గా తిను" అంది.
సరిగ్గా తిన్నాను.

ఆసుపత్రివాళ్ళిచ్చిన లావు పిడి ఫోర్కు
గిన్నె అంచుకి తగిలి రెండుసార్లు జారింది.
మూడోసారి కైమా, చీజు, ఒక బన్నుపలకా కలిసి
నోటిదాకా వెళ్ళాయి.
నమిలింది.
బాగుందని ఆమె ఎప్పుడూ అనదు, ఇవాళా అనలేదు.

కిటికీ వైపు,
ఆవిరికి ఏమీ కనబడని ఆ కిటికీ వైపే చూస్తూ
ఎడమచెయ్యి మెల్లగా నా గిన్నెలోకి దింపింది.
కొత్త దొంగ. వాటం ఇంకా కుదరలేదు,
నా చొక్కా అంచంతా సాసు పూసింది.

నేను మిరియాలపొడి వెతుకుతున్నట్టు అటు తిరిగాను.
నా గిన్నెలో
నాలుగు ముక్కలు ఎక్కువే వేసుకున్నాను లెండి.