గట్టు మీద అభావం

లోసరి దాటాక రెండో గట్టు.
రొయ్యల చెరువు కాపలా పాకలో
నా మూడో అధ్యాయం ఇంకా మొదలు కాలేదు.

“నేల మీద కుండ లేదు.”
వెయ్యేళ్లుగా పండితులు
ఈ ఒక్క వాక్యం చుట్టూ పట్టు విడవకుండా కూర్చున్నారు.
లేకపోవడం కంటికి కనబడుతుందా,
కనబడకపోవడమే దాన్ని చెబుతుందా?
హైమవతి మేడమ్ మార్జిన్‌లో ఎర్రగా రాశారు:
“కుండ పాతబడింది. నీ ఉదాహరణ ఏదీ?”

నా దగ్గరేముంది.
మేత బస్తాల మీద ల్యాప్‌టాప్,
తెర వెలుగుకి మూగే పురుగులు,
చెక్ ట్రే ఎత్తే వేళకి మోగే అలారం.
నాలుగు ఏరేటర్లు రాత్రంతా
నీళ్లని చిలుకుతూనే ఉంటాయి,
ఆ మోత వినడం ఎప్పుడో మానేశాను.

మొన్న రెండున్నరకి
ఉలిక్కిపడి లేచాను.
ఏ చప్పుడూ కాలేదు.
కాకపోవడమే నన్ను లేపింది.

కరెంటు పోయింది.
చెప్పులు దొరకలేదు, గట్టంతా జారుడు.
జనరేటర్ మూడో లాగుకి అందుకుంది.
టార్చి వేస్తే నీటి అంచున
ఊపిరి కోసం పైకి తేలిన రొయ్యల కళ్లు,
ఎర్రెర్రగా, వేలల్లో.
పక్క చెరువు దావీదు బాబాయ్ రొప్పుతూ వచ్చి
“నిద్దర్లో ఎలా తెలిసిందిరా నీకు?” అన్నాడు.

అదే కదా బాబాయ్,
నూట ఇరవై పేజీల్లో నేను చెప్పాల్సింది.

తెల్లారాక కుండ కొట్టేసి
ఏరేటర్ అని రాశాను.
విన్నానా, ఊహించానా,
ఇంకా తేలలేదు.
ఎంటర్ మీట మీద బురద ఎండిపోయింది,
గోటితో గీకుతున్నాను.