మూడు చుక్కలు, ఒక గీత

ఆదివారం ఆరున్నరకి చిక్‌పేట సందులో
షట్టర్లు ఇంకా నిద్రలోనే ఉంటాయి.
వాటి ముందు నీలం టార్పాలిన్ మీద
ఊరి ఒంటి మీంచి దిగిన బట్టలన్నీ
ఒకదాని చేతుల్లో ఒకటి చిక్కుకుని.
నూరున్నీసా ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని
ఇంకో చేత్తో చొక్కాలు ఎగరేస్తుంది:
"ఏది తీసినా ఎనభై, ఏది తీసినా ఎనభై,
చినిగింది తీస్తే అరవై!"

చినుగు చూడ్డం నాకు వచ్చు.
ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం.
పరాయి ముంజేతుల మీద నరం వెతికే వేళ్ళకి
కుట్టు ఎక్కడ వదులైందో చూడకుండానే తెలుస్తుంది.

శరత్తంటే హిందూపురం బళ్ళో
పరీక్షకి బట్టీ పట్టిన వెన్నెల.
రెల్లుపూలు, తెల్ల మబ్బులు, నాలుగు మార్కులు.
ఇక్కడ శరత్తంటే
మురుగేశ్‌పాళ్య బస్టాపులో పొద్దున ఐదుంపావుకి
మెడ వెనక చెయ్యి వేసే తుంపర.
చలీ కాదు, పూర్తి వానా కాదు.
దానికి తగ్గ బట్ట కొత్త దుకాణాల్లో ఉంది,
నా జీతంలో లేదు.

కుప్ప అడుగున దొరికింది:
ఆవపిండి రంగు కార్డురాయ్ కోటు, మగవాళ్ళది.
కుడి మోచెయ్యి అరిగి నున్నబడింది.
ఎవరో గడ్డం కింద చెయ్యి పెట్టుకుని
చాలా ఏళ్ళు ఏదో ఆలోచించారు.
జేబులో యాలకి తొక్క, సగం బస్సు టిక్కెట్టు.
అరవైకి ఇచ్చింది, మోచెయ్యి చూపించాక.

రెండు రాత్రులు కుంకుడు నురుగులో నానింది.
కలరా ఉండల వాసన పోయింది.
ఇంకేదో, పేరు తెలియనిది, పోలేదు. ఉండనిచ్చాను.

చేతులు పొడుగు. కత్తిరించొద్దంది హిమజ.
గదిలో సగం అద్దె ఆమెది, అద్దం మొత్తం ఆమే.
"రెండు మడతలు పెట్టు. అస్తరు కనబడనీ."
అస్తరు నేరేడు రంగు.
ఇన్నాళ్ళూ ఆ కోటు ఎవరికీ చూపించని రంగు.
మోచేతికి పాత ధర్మవరం రవిక ముక్క వేశాం,
కొంచెం వంకరగా, కావాలనే అన్నట్టు.

సోమవారం, కోటు కింద వెలిసిన నూలు కుర్తా.
మంగళవారం గళ్ళ చొక్కా, అదీ ఎనభైదే, నడుం దగ్గర ముడి వేసి.
బుధవారం చిరిగిన చీర చెంగు మెడకి రెండు చుట్లు.
గురువారం ఏమీ తోచలేదు. మళ్ళీ సోమవారందే.

"ఎక్కడ కొన్నావే?" అంది ల్యాబులో సెలెస్టీనా.
"ఆన్‌లైన్," అన్నాను.
ఆ మాట రోజంతా కాలరు లోపల గరుగ్గా తగిలింది.
రాత్రి విప్పి కాలరు తిరగేస్తే
చెరగని నల్ల సిరాతో
మూడు చుక్కలు, ఒక గీత.

ఇస్త్రీ బండి మునిస్వామప్ప
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చదివాడు:
"మల్లేశ్వరం ధోబీల రాత ఇది, మా బావమరిది చెయ్యిలా ఉంది.
గీతంటే వీధి చివర ఇల్లు.
మూడు చుక్కలంటే మూడో అంతస్తు."
ఎవరిది, అన్నాను.
"మనుషుల్ని రాసుకోమమ్మా.
ఎక్కడికి తిరిగి చేర్చాలో, అంతే రాస్తాం."

బొగ్గుల పెట్టె వీపు మీంచి నడిచింది.
ఆవిరిలో ఆ పేరు లేని వాసన లేచి
ఒక్క నిమిషం మా ఇద్దరి మధ్యా నిలబడింది.
మూడో అంతస్తులో ఒక కిటికీ, కిటికీ కింద బల్ల,
యాలకుల టీ, తుంపర చూస్తూ ఒక మోచెయ్యి.
లిఫ్టు లేని ఇల్లై ఉంటుంది.
ఊహించానంతే.

"మరి నీదేదమ్మా?"
"కింద గది. మెట్ల పక్కన."
"అయితే చుక్కల్లేవు నీకు," అని నవ్వి
వాటి పక్కనే
చిన్న సున్న చుట్టాడు.

ఐదుంపావు. బస్టాపు.
చేతులకి రెండేసి మడతలు, నేరేడు రంగు బయటికి.
సిరా ఆరలేదో, తుంపరో,
మెడ దగ్గర చల్లగా ఉంది.
సెలెస్టీనా మళ్ళీ అడిగితే
ఈసారి టార్పాలిన్ అడ్రసు చెబుతాను.
ఆరున్నరలోపు వెళ్ళమని కూడా.