తడిగుడ్డ

ఆయన చేతులు చూసి మొదట కసాయివాడనుకున్నాను.
నాంత్ నగరంలో, రేవు వెనక సందులో,
మా మెట్ల కింది గదిలో అద్దెకుండే ఎవరిస్త్ గిల్లెమో
గోళ్ళసందుల్లో బూడిదరంగు మట్టితో రొట్టె విరిచేవాడు,
ఆ మట్టితోనే తినేవాడు.
అద్దె మాత్రం నెల మార్చి నెల.

అది ఇనుపముక్కల కాలం.
పారిస్ నుంచి వచ్చే పెద్దమనుషులు
వంచిన రేకులు కొనేవాళ్ళు, చిల్లులు పొడిచిన రాళ్ళు కొనేవాళ్ళు.
మనిషిని మనిషిలా చేసేవాణ్ణి
ఇంకా గుర్రబ్బండి తోలుకునే ముసలాణ్ణి చూసినట్టు
జాలిగా చూసేవాళ్ళు.
ఆయన తల గోక్కుని అనేవాడు:
"నాకింకా మోకాలే అర్థం కాలేదండీ."

నిజంగా మోకాలే.
బిస్కెట్ల ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు దిగి
జుట్టునిండా వెన్న వాసనతో సొలాంజ్ వచ్చేది.
నిలబడమనేవాడు కాదు, వయ్యారంగా వాలమనేవాడు కాదు.
"బూట్లు విప్పుకో, ఇంట్లో విప్పుకున్నట్టే."
ఎనిమిది గంటలు మోసిన పాదం
తోలులోంచి బయటపడే ఆ ఒక్క క్షణం
వీపు ఎటు వంగుతుందో,
మోకాలు దేన్ని ఓర్చుకుంటుందో,
దానికోసం మూడు చలికాలాలు.
మట్టి పెట్టడం కన్నా తీసెయ్యడమే ఎక్కువ.
రాత్రి తీసేసిన భుజం పొద్దున్నకల్లా బకెట్లో నానుతూ కనిపించేది.

నాలుగో చలికాలం మొదట్లో దగ్గు ఆయన్ని ఆస్పత్రికి లాక్కుపోయింది.
ప్లాస్టర్ దుమ్ము, అన్నాడు డాక్టరు,
ఊపిరితిత్తుల్లో అచ్చు పోసుకుందట.
స్ట్రెచర్ మీంచి, మా భవనం కావలి కాసే బ్లాందీన్‌తో
చెప్పిన మాట ఒక్కటే:
"గుడ్డ ఆరనివ్వకు."

తడిగుడ్డతో గొంతు కోసేవాళ్ళుంటారు.
బ్లాందీన్ తడిగుడ్డతో ఒక గొంతును నిలబెట్టింది.
పొద్దున ఒకసారి, దీపాలు ఆర్పే ముందు ఒకసారి,
పాత దుప్పటి ముక్కలు ముంచి, పిండి, కప్పేది,
జ్వరం పిల్లకి నుదుట పట్టీ వేసినట్టు.
బకెట్ మోసింది నేను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.
నీళ్ళు గడ్డకట్టే రాత్రుల్లో మా స్టవ్ ఆ గదికి వెళ్ళేది,
మా అమ్మ తిట్లతో సహా.

ఫిబ్రవరిలో ఆస్పత్రి నుంచి కాగితం వచ్చింది.
బ్లాందీన్ చదివి, మడిచి, ఏప్రన్ జేబులో పెట్టుకుని
బకెట్ తెమ్మంది.
ఆపమని ఎవరూ చెప్పలేదుగా.

రెండేళ్ళు.

నీళ్ళు మంచివే, కానీ నీళ్ళకీ వేళ్ళుంటాయి.
తీసి కప్పి, తీసి కప్పిన గుడ్డ
ముందు కనురెప్పల్ని పట్టుకుపోయింది, తర్వాత ముక్కుని.
పెదవులు, నవ్వో నొప్పో తెలియని ఒక్క గీత.
గొంతు కింది గుంటలో ఆయన బొటనవేలి ముద్ర మాత్రం
చెక్కుచెదరలేదు.
అక్కడికొచ్చేసరికి బ్లాందీన్ చెయ్యి తేలికయ్యేదని
ఎవరికీ చెప్పలేదు నేను.

ఒకనాడు సొలాంజ్ వచ్చింది, పెళ్ళై, నిండు కడుపుతో.
గుడ్డ తీసి చూపించాం.
ముఖం లేదని గమనించనే లేదు.
ఆయాసపడుతూ వంగి మట్టి మోకాలు తడిమి
"ఇక్కడే, సరిగ్గా ఇక్కడే లాగేది" అంది.

తర్వాత ఆంజే నుంచి మేనల్లుడెవరో దిగాడు.
అచ్చు తీయించాడు, కంచు పోయించాడు, మ్యూజియానికి అమ్ముకున్నాడు.
అద్దె బాకీ ఊసెత్తలేదు.

ఇప్పుడా బొమ్మ రెండో హాల్లో, కిటికీ పక్కన.
గోడమీది చీటీ చెబుతుంది:
ముఖాన్ని కావాలనే కరిగించి
శిల్పి చివరికి తన కాలంతో రాజీపడ్డాడని,
అది గొప్ప ధైర్యమని.

కళ్ళజోడు మర్చిపోయానంది బ్లాందీన్,
అది మెడలోనే వేలాడుతోంది.
నేనే చదివి వినిపించాను.
"ధైర్యమట" అని
తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.
కాపలా కుర్రాడు అటు తిరగ్గానే
కంచు వీపు మీద అరచెయ్యి ఆనించి, కాసేపు ఉంచి,
"చల్లగానే ఉందిలే" అంది.
"పద, బస్సు పోతుంది."