ఏడో మెట్టు

ఆ ఏడు మా లొల్ల సెక్షనుకి రెండొచ్చాయి,
అరచేతిలో పట్టే కంప్యూటర్లు.
ఒకటి ఏఈ గారికి. రెండోది, ఎవరూ ముట్టుకోక, నాకు.
పలక రంగు. పలకకున్నట్టే ఓ పుల్ల, వీపులో దోపి.
నాలుగు బొత్తాలు. అడుగున సూదిమొన పట్టే కన్నం,
మొండికేస్తే అక్కడ గుచ్చమన్నారు.
కాయితం రిజిస్టరు ఆ వారమే కట్టేయించారు.

నేను మళ్లీ రాయడం నేర్చుకున్నాను,
ఇంగ్లీషు అక్షరాలు, చెయ్యెత్తకుండా, ఒక్క గీతలో.
'ళ' దానికి తెలీదు.
కాలవ గేజి కొలిచే మిషనుకి
నీళ్లు అని రాయడం రాదు.

లస్కరు కడలి ఏసుపాదం
ఏడో మెట్టు మీద నిలబడి రీడింగు అరిచేవాడు,
ఆనక పైకొచ్చి గొడుగు పట్టేవాడు, నాకు కాదు, దానికి:
ఎండ తగిలితే తెర వెలవెలబోయి అంకెలు కనపడవు.
సాయంత్రం లాకు గోడ మీద
ఏఈ గారిదీ నాదీ ముక్కూ ముక్కూ ఆనిస్తే
కంటికందని ఎరుపులో లెక్కలు అటు దాటేవి,
ఎదురుపడ్డ చీమల్లా.
"కలిసిందాండీ?" అనేవాడు గుసగుసగా,
ఊపిరి తగిలినా తెగిపోతుందన్నట్టు.

సార్వా నాట్లప్పుడు పుల్ల కాలవలో జారిపోయింది.
ఇండెంటు పెట్టాం. ఆఫీసు కంప్యూటరుకి తగిలించే తీగకీ
అదే ఇండెంటు, అదే రాజమండ్రి.
ఏసుపాదం కొబ్బరాకు చీరి ఈనె తీసి
మొన గట్టుకేసి అరగదీసి ఇచ్చాడు.
తెర ఒప్పుకుంది. నొక్కితే చాలు దానికి,
ఎవరు, దేంతో అని అడగలేదు.

ఆగస్టులో గోదారి ఎర్రగా దిగింది.
మూడు రాత్రులు కరెంటు లేదు.
నాలుగోనాడు బ్యాటరీ బొమ్మలో ఆఖరి గీత ఆరింది.
నిద్రపోయిందనుకున్నాం.
కరెంటొచ్చాక లేచి, నన్నెప్పుడూ ఎరగనట్టు,
ఇవాళ తేదీ ఎంతని అడిగింది.
తెర మధ్య ఓ శిలువ గుర్తు చూపించి
సరిగ్గా నడిమిని తాకమంది.
ఏసుపాదం నెత్తి మీది తువ్వాలు తీశాడు.
తాకితే అది మూలకి పోయింది, అక్కణ్ణించి ఇంకో మూలకి.
"ఎక్కడికెల్తందండీ?"
పిన్నీసుతో కన్నంలో గుచ్చాను. మళ్లీ అదే స్వాగతం.
నలభై ఒక్క రోజులు లేవు.
ఏఈ గారిదీ అంతే, బీరువాలో, తాళం కింద.

"రాయండమ్మా," అని ఏడో మెట్టు మీదికి దిగి
పంచె ఎగ్గట్టి కాలు చూపించాడు.
"మా బుడ్డదానికి జొరమొచ్చిన్రోజు ఇక్కడికి,
ఈ పీత కరిచిన మచ్చకాడికి.
ఆ సుక్రారం చిప్ప మునిగింది.
మర్నాడు బీడీకట్ట తడిసిపోయిందండి, ఆయ్, ఇదిగో జేబు."
నేను టేపు పట్టాను.
పీత మచ్చకి పదకొండంగుళాలు. చిప్పకి పద్దెనిమిదిన్నర.
మెట్టు ఎత్తు కలిపి ఈనెతో నొక్కుతూ పోయాను.

అన్నీ దొరకలేదు. ఇరవై ఆరు దొరికాయి.
మిగతా వాటికి సగటు వెయ్యమన్నారు ఏఈ గారు.
వెయ్యలేదు.

ఆధారం అని ఓ గడి ఉండేది చివర.
చెయ్యెత్తకుండా అందులో రాశాను:
ఏసుపాదం కాలు.
ఒక్కటే కాలు కాబట్టి సరిపోయింది,
రెండయితే 'ళ' కావాల్సొచ్చేది.