బెల్ తాడు పొడవు

కొళత్తూరులో రంగు చేపల దుకాణాలు దాటాక మూడో వీధి.
చెప్పకుండా వెళ్ళాలన్నది రూలు.
ఆటో దిగేలోపే గేటు దగ్గర
ఫినాయిల్ వాసన ఎదురొచ్చింది.
అంటే ఎవరో చెప్పేశారు.

బెనెడిక్ట్ సార్ కాఫీ అన్నాడు. వద్దన్నాను.
పద్నాలుగు పేజీల ఫారం, టేపు, థర్మామీటరు,
అరిగిన రబ్బరు చెప్పులు.
టైల్స్ జారతాయో లేదో నా కాళ్ళకే ముందు తెలుస్తుంది.

వేడినీళ్ళ కుళాయి: నలభై మూడు డిగ్రీలు. సరే.
మంటలార్పే సిలిండరు: గడువు మార్చితో సరి.
వెనక తలుపు: తాళం.
చెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీ దగ్గర.
మంటలు టీ అయ్యేదాకా ఆగుతాయా అని
రాయడానికి ఫారంలో గడి లేదు.

మందుల అలమరలో ఎవరి డబ్బా మీద వాళ్ళ పేరు.
ఒకదాని మీద మాత్రం పేరు కొట్టేసి కొత్త పేరు.
పాతాయన ఎక్కడని అడగలేదు.
తేదీ రిజిస్టరులో ఉంది.

పై అంతస్తు. ముప్పై ఒక్క మంచాలు.
ఖాళీగా ఉన్న ఏడో నంబరు మీద పడుకున్నాను.
ఈ ఉద్యోగంలో నాకు ఇష్టమైన పని ఇదొక్కటే:
చెప్పులు విడిచి, ఫ్యాను రెక్కల దుమ్ము చూస్తూ,
బెల్ నొక్కి,
ఎవరైనా వస్తారేమోనని ఎదురుచూడటం.
నాలుగు నిమిషాలు.
ఎనిమిది.
పదకొండో నిమిషంలో పక్క మంచం నవ్వింది.

"అది మోగి రెండు వానాకాలాలయింది.
తెలుగా నువ్వు? గొణుక్కుంటా ఉంటే విన్నాలే."

ఎతిరాజమ్మ. ఎనభై నాలుగు.
మిల్లులో తెగిన నూలుకు ముప్పై ఏళ్ళు ముడులేసిన చేతులు.
ఎడమ మణికట్టు చుట్టూ, గాజు ఉండాల్సిన చోట,
ఒక లేత చార.

పన్నెండో పేజీ.
"నివాసులను కట్టివేయడం జరుగుతోందా?"
అవును, కాదు. రెండు గడులు.

"కడతారా అవ్వా, రాత్రిళ్ళు?"

బెనెడిక్ట్ సార్‌కి తెలుగు రాదు.
అతనికేసి చిరునవ్వు చెదరకుండా చూస్తూ నాతో అంది:
"కడుతుంది. ముడి నేర్పింది నేనే."

దిండు కింద నుంచి తీసింది, వాయిల్ చీర పేలిక.
ఒక కొస తన చేతికి.
రెండో కొస, కింద చాప మీద పడుకునే మాలతి చేతికి.
గుణుపూర్ పిల్ల, పంతొమ్మిదేళ్ళు,
రాత్రంతా ఇంతమందికీ ఒక్కతే.

"నేను లేస్తే దాని చెయ్యి లేస్తుంది.
బిగుసుకోదు, చూడు, ఒక్క లాగుకి ఊడొచ్చేస్తుంది.
పోయిన ఆడి నెలలో పదో నంబరు బాత్రూములో పడి తుంటి విరగ్గొట్టుకునింది.
దానికి పేలిక లేదు గదా.
రాయబాక తల్లీ. రాస్తే ఈ బిడ్డని పంపించేస్తారు."

మాలతి బకెట్టుతో గుమ్మంలో నిలబడి ఉంది.
కుడి మణికట్టు మీద అదే చార.

టేపు తీశాను. ఏడడుగుల రెండంగుళాలు.
ఐదో పేజీలో ఒక ప్రశ్న ఖాళీగా వదిలేశానని గుర్తొచ్చింది:
"బెల్ తాడు మంచానికి అందుతుందా?"

పన్నెండో పేజీలో 'అవును' మీద టిక్కు పెట్టాను.
పెట్టకపోతే రేపు ఇంకో ఇంట్లో
ఒక్క లాగుకి ఊడని ముడి
ఈ గడి వెనకే దాక్కుంటుంది.
'వ్యాఖ్యలు' రెండు లైన్లు. రెండో కొస సంగతి
మార్జిన్లోకి పాకి, పేజీ వెనక్కి పోయింది.
ఆఫీసులో వెనక పేజీలు స్కాన్ చెయ్యరు.

రాసింది తెలుగులో చదివి వినిపించాను.
ఎతిరాజమ్మ విని
గోడ వైపు తిరిగి పడుకుంది.

బెల్ బాగుచేయడానికి గడువు ముప్పై రోజులని అచ్చయి ఉంది.
'రోజులు' కొట్టేసి 'రాత్రులు' అని రాశాను.
బెనెడిక్ట్ సార్ చూసుకోకుండా సంతకం పెట్టాడు.

మెట్లు దిగుతుంటే పైన కుళాయి చప్పుడు.
ఎవరో చిన్న గుడ్డ ఒకటి ఉతికి
గట్టిగా పిండుతున్నారు,
పొద్దుగూకేలోపు ఆరాలన్నట్టు.